మచ్చ వేరు, గుంట వేరు

మొటిమ మానిన చోట మిగిలేదాన్ని తెలుగులో ఒకే మాటతో ‘మచ్చ’ అనేస్తారు. మందుల షాపులో అడిగేటప్పుడూ అదే మాట: ‘మొటిమల మచ్చలకు మంచి క్రీము ఏదైనా ఇవ్వండి.’ చర్మ వైద్యుల లెక్కలో మాత్రం ఆ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. చర్మం నున్నగానే ఉండి రంగు మాత్రం గోధుమగానో నల్లగానో మారడం ఒకటి. ఎరుపు అలాగే నిలిచిపోవడం రెండోది. చర్మం కుంగి గుంట పడటం మూడోది. పైకి ఉబ్బి గట్టిపడటం నాలుగోది. మొదటి రెండూ రంగుకు సంబంధించినవి, తర్వాతి రెండూ ఆకారానికి సంబంధించినవి. డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే పైపూతలు రంగు మీద బాగానే పనిచేస్తాయి. ఆకారం మీద వాటి బలం చాలా తక్కువ. అట్టపెట్టె మీద మాత్రం రెండింటికీ కలిపి ‘మచ్చలు మాయం’ అనే రాసి ఉంటుంది. కొన్నవాళ్ళ నిరాశ చాలావరకు అక్కడే మొదలవుతుంది.

నూనె గ్రంథి, వెంట్రుక కుదురు కలిసి తెరుచుకునే సన్నటి దారిలో మొటిమ పుడుతుంది. ఆ దారి మూసుకుపోతే లోపల జిడ్డు పేరుకుంటుంది, అక్కడ మామూలుగా ఉండే బ్యాక్టీరియా పెరుగుతుంది, శరీరపు రక్షణ వ్యవస్థ దాని మీదికి దండెత్తుతుంది. ఈ పోరులో వచ్చే వాపే మచ్చకు అసలు మూలం. వాపు తగిలిన రంగు కణాలు మెలనిన్‌ను మామూలుకన్నా ఎక్కువగా తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. నల్లమచ్చ అలా పుడుతుంది. చామనఛాయ, నలుపు ఒళ్ళు ఉన్నవారిలో ఈ కణాలు సహజంగానే చురుకైనవి. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి అమెరికన్ చర్మ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఒక కొలబద్ద తయారుచేశాడు. తర్వాత దాన్ని ఆరు రకాలకు పెంచారు. అందులో భారతీయులు ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మానికి దోమ కుట్టినా, నగ ఒరుసుకున్నా, తువ్వాలుతో గట్టిగా రుద్దినా నల్లమచ్చ మిగలడం మామూలే. అదే మొటిమ తెల్లవారి ముఖం మీద ఎక్కువగా ఎర్రమచ్చను వదులుతుంది. అందుకే ఐరోపావారి కోసం రాసిన సలహాలను చామనఛాయ ముఖానికి యథాతథంగా దించితే ఒక్కోసారి బెడిసికొడుతుంది. అక్కడ కాస్త మంట పుట్టించి ఊరుకునే మందు ఇక్కడ ఆ మంటతోనే కొత్త మచ్చను తెచ్చిపెట్టవచ్చు.

వాపు లోతుకు దిగితే కథ మారుతుంది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ నారలు లోపొరలో ఉంటాయి. అవి దెబ్బతిన్న చోట శరీరం కొత్త నారలు అల్లుతుంది. తక్కువ అల్లితే గుంట, ఎక్కువ అల్లితే ఉబ్బు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారి నుదుటి మీద ఒకటో రెండో గుంటలు ముసలితనం దాకా ఉండిపోవడానికి కారణం ఇదే. మశూచి ఈ దేశం నుంచి 1975లో వెళ్ళిపోయింది. అది వచ్చి బతికిన తరం వాళ్ళ ముఖాల మీద గుంటలు మాత్రం పూడలేదు. పోయిన నారను పైనుంచి రాసిన పూత తిరిగి నింపలేదు. మహా అయితే కొంత కొత్త నార అల్లమని చర్మాన్ని మెల్లగా పురమాయించగలదు.

అద్దం, టార్చిలైటు, గాజుగ్లాసు

కొనేముందు ఏది ఉందో తేల్చుకోవడానికి ఇంట్లో ఉన్న సామాను చాలు. ముందుగా కళ్ళు మూసుకుని వేలికొసతో మచ్చ మీద నిమరాలి. వేలికి తేడా తెలియకపోతే అది రంగు మచ్చే. తర్వాత గదిలో దీపం ఆర్పి, అద్దం ముందు నిలబడి, టార్చిలైటును చెంప పక్కనుంచి వేయాలి. గుంట ఉంటే నీడ పడుతుంది, రంగు మచ్చకు నీడ ఉండదు. ఎదురుగా పడే ట్యూబులైటు వెలుగులో గుంటలు దాక్కుంటాయి. బట్టల దుకాణాల్లో, లిఫ్టుల్లో నెత్తిమీద దీపాల కింద ముఖం ఒక్కసారిగా పాడైనట్టు కనిపించడానికి కారణం ఈ నీడలే. అక్కడ చూసుకుని బెంగపడటం దండగ.

ఎర్రమచ్చను గుర్తుపట్టడానికి పలచటి గాజుగ్లాసు పక్కభాగాన్ని దానిమీద మెల్లగా నొక్కి చూస్తే సరిపోతుంది. నొక్కినంతసేపు రంగు తగ్గితే అది రక్తనాళాలు వెడల్పై ఉండటం వల్ల వచ్చిన ఎరుపు. తగ్గకపోతే మెలనిన్. బాగా నల్లటి చర్మంలో ఈ పరీక్ష అంత స్పష్టంగా తేలదు. నల్లమచ్చల్లోనూ తేడా ఉంది. తేనె, గోధుమ రంగుల్లో ఉన్నవి పైపొరలోవి కాబట్టి త్వరగా దారికొస్తాయి. బూడిద, నీలం ఛాయ కలిసినవి లోపొరలోకి జారినవి, వాటికి చాలా ఎక్కువ కాలం పడుతుంది.

గుంటలను 2001లో అమెరికన్ వైద్యులు మూడు రకాలుగా విడదీశారు. నేటికీ ఆ విభజనే వాడుకలో ఉంది. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా, 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వెడల్పుతో ఉండేవి మొదటివి. నిటారైన అంచులతో చిన్న పెట్టెను అద్దినట్టుండేవి రెండోవి. అంచులు లేకుండా చెంప మీద అలల్లా పరుచుకునేవి మూడోవి. చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసినప్పుడు కనిపించకుండా పోయేవి అలల రకం, చాలావరకు. సూదిపోటు గుంటల మీద ఏ ట్యూబు రాసినా డబ్బు వృథా.

ముందు మొటిమ ఆగాలి

కొత్త మొటిమలు వస్తూనే ఉంటే పాత మచ్చలకు మందు రాయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. అందుకని ఎంపికలో మొదటి ట్యూబు మచ్చలది కాకుండా మొటిమలది కావాలి. రంధ్రాల్లో పేరుకున్నదాన్ని కరిగించే 2 శాతం శాలిసిలిక్ యాసిడ్, బ్యాక్టీరియాను చంపే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ తేలికపాటి మొటిమలకు సరిపోతాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ళ మీద, దిండు గలీబుల మీద తెల్లటి మరకలు పెడుతుంది. రంగు గుడ్డలు వాడేవారికి ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది. లోతుగా గడ్డకట్టి నొప్పి పెట్టే మొటిమలకు ఈ రెండూ చాలవు. గుంటలు ఎక్కువగా వాటివల్లే పడతాయి గనుక అక్కడ ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. గిల్లిన మొటిమ సంగతీ అంతే. గోరుతో నొక్కినప్పుడు చీము పైకి వచ్చినంత తేలిగ్గా లోపలికీ చిమ్ముతుంది, వాపు ఇంకా లోతుకు దిగుతుంది.

రెండో ట్యూబు సన్‌స్క్రీన్. మచ్చల మందుగా దాన్ని ఎవరూ లెక్కవేయరు గానీ, రంగు మచ్చల విషయంలో అది లేకుండా మిగతావేవీ సరిగా పనిచేయవు. రాత్రి రాసిన మందు తగ్గించిన మెలనిన్‌ను మధ్యాహ్నపు ఎండ మళ్ళీ పెంచేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది, అతినీలలోహిత కిరణాల్లో రెండు రకాలనూ ఆపేది కావాలి. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు పిండుకుంటే సరైన కొలత. ఎక్కువమంది అందులో సగమే రాస్తారు, అప్పుడు డబ్బా మీద రాసిన అంకెకు అర్థం ఉండదు. చామనఛాయ చర్మంలో కంటికి కనిపించే వెలుగు కూడా మచ్చలను ముదురుస్తుందని పరిశోధనల్లో తేలింది. మామూలు సన్‌స్క్రీన్ ఈ వెలుగును ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతగోధుమ రంగు సన్‌స్క్రీన్లు కొంత ఆపుతాయి. అవి మచ్చలను కప్పిపుచ్చడం అదనపు లాభం. మొటిమలున్న చర్మానికి చిక్కటి క్రీములకన్నా జెల్, పలచటి లోషన్ రకాలు నయం.

రంగు మచ్చలకు

చీటీ లేకుండా దొరికేవాటిలో చామనఛాయ చర్మానికి మొట్టమొదట ఎంచదగినది అజిలాయిక్ యాసిడ్. దీని పుట్టుకలో ఒక చమత్కారం ఉంది. వేసవిలో చెమటపట్టే ఒంటి మీద, ముఖ్యంగా వీపు, మెడ, ఛాతీ మీద పాలిపోయిన మచ్చలు వస్తాయి. తెలుగునాట వాటిని శోభి అంటారు. చర్మం మీద బతికే ఒక రకం ఫంగస్ వల్ల అవి వస్తాయి. అది ఉన్న చోట రంగు ఎందుకు తగ్గుతుందని 1970లలో ఇటలీ పరిశోధకులు వెతుకుతుంటే, ఆ వెతుకులాట ఈ ఆమ్లం దాకా తీసుకెళ్ళింది. గోధుమలు, బార్లీ వంటి ధాన్యాల్లోనూ ఇది ఉంటుంది. మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. రెచ్చిపోయిన రంగు కణాల మీద ఎక్కువగా, మామూలు కణాల మీద తక్కువగా పనిచేయడం దీని ప్రత్యేకత. అందువల్ల మచ్చ చుట్టూ తెల్లటి వలయం ఏర్పడే భయం తక్కువ. మొటిమల బ్యాక్టీరియానూ తగ్గిస్తుంది కాబట్టి ఒకే ట్యూబుతో రెండు పనులవుతాయి. గర్భిణులకు సాధారణంగా సురక్షితమని వైద్యులు భావించే కొద్ది మందుల్లో ఇదొకటి. 10 శాతం పూత సౌందర్య సాధనంగా దొరుకుతుంది. 15, 20 శాతం మందుల కోవలోకి వస్తాయి. మొదటి రెండు మూడు వారాలు చీమలు పాకినట్టు చురచుర, దురద ఉంటాయి. చాలామంది అక్కడే ఆపేస్తారు. తడి పూర్తిగా ఆరిన ముఖానికి, ముందు మాయిశ్చరైజర్ రాసి ఆపైన రాస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

సున్నితమైన చర్మానికి నియాసినమైడ్ దీనికన్నా మెత్తన. ఇది విటమిన్ బి3 రూపాల్లో ఒకటి. మెలనిన్ తయారీని ఆపదు, తయారైన మెలనిన్ పక్క కణాల్లోకి చేరకుండా చూస్తుంది. కార్ఖానాను మూయకుండా లారీలను ఆపినట్టు. పరిశోధనల్లో ఫలితం చూపినవి 4, 5 శాతం పూతలు. బజారులో 10 శాతం, అంతకు మించినవి హోరెత్తుతున్నాయి. అంకె పెరిగితే గుణం పెరుగుతుందనడానికి ఆధారం లేదు, కొందరిలో ఎరుపు మాత్రం పెరుగుతుంది.

విటమిన్ సి సీరం సంగతి కాస్త చిక్కు. అసలు రూపమైన ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం మధ్య ఉండి, ద్రావణం బాగా పుల్లగా, అంటే పీహెచ్ 3.5 కన్నా తక్కువగా ఉంటేనే చర్మంలోకి దిగుతుంది. గాలి, వెలుతురు, వేడి మూడూ దానికి శత్రువులే. రంగులేకుండా కొన్న సీరం తేనె రంగు దాటి టీ డికాక్షన్ రంగుకు వచ్చిందంటే పని అయిపోయినట్టే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కిటికీ పక్కన పెట్టిన సీసా ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పనక్కర్లేదు. ముదురు రంగు గాజు సీసా, చిన్న పరిమాణం, చల్లటి చోటు, ఈ మూడూ కుదరనప్పుడు ఆ డబ్బు సన్‌స్క్రీన్‌కు పెట్టడం మేలు.

కోజిక్ యాసిడ్, ఆల్ఫా ఆర్బ్యూటిన్, అతిమధురం సారం కూడా టైరోసినేజ్‌నే అడ్డుకుంటాయి. వీటిలో ఒకటో రెండో పైవాటితో కలిసి ఉంటే అభ్యంతరం లేదు. ఒంటరిగా అద్భుతాలు చేయవు. కోజిక్ కొందరికి పడక దద్దు తెస్తుంది. గ్లైకోలిక్, లాక్టిక్, మాండలిక్ ఆమ్లాలు పైపైన మృతకణాలను వదులుచేసి రంగు పొరను త్వరగా రాలుస్తాయి. వారానికి రెండు మూడు రాత్రులు, 5 నుంచి 10 శాతం లోపు చాలు. 30 శాతం ‘పీల్’ సీసాలు ఇంటికే తెప్పించుకుని వీడియో చూస్తూ వాడేవాళ్ళకు ఒక్క నిమిషం ఆలస్యమైనా ముఖం కాలుతుంది. ఆ కాలిన చోట నల్లమచ్చ పాతదానికన్నా పెద్దదిగా వస్తుంది.

ఎర్రమచ్చలకు వీటిలో అజిలాయిక్, నియాసినమైడ్ కొంత సాయం చేస్తాయి. మిగతా పని కాలానిది.

గుంటలకు ఉన్నంతలో

గుంటల మీద అంతో ఇంతో ప్రభావం చూపే పైపూతలు రెటినాయిడ్లు మాత్రమే. ఇవి విటమిన్ ఎ సంతతి. కొత్త కొల్లాజెన్ తయారీని ప్రేరేపిస్తాయి, రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తాయి, రంగును పలుచన చేస్తాయి. వీటిలో అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 జులైలో చీటీ అక్కర్లేని మందుగా ప్రకటించింది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు సూపర్ మార్కెట్లో కూరగాయలతోపాటు దాన్ని బండిలో వేసుకోవచ్చు. మన దేశంలో అది వైద్యుడి సలహాతో వాడవలసిన మందు. ఇక్కడ సౌందర్య సాధనంగా దొరికేది రెటినాల్. చర్మంలో అది రెండు మెట్లు దాటి రెటినాయిక్ యాసిడ్‌గా మారాకే పనిచేస్తుంది కాబట్టి బలం తక్కువ, మంట కూడా తక్కువే. ఐరోపా సమాఖ్య 2024లో ముఖానికి రాసే పూతల్లో రెటినాల్ 0.3 శాతం మించకూడదని నిబంధన పెట్టింది. ఇంట్లో వాడుకకు ఆ అంకె మంచి హద్దు.

ఎంత గుణం ఆశించవచ్చో ఒక పరిశోధన చూస్తే తెలుస్తుంది. ముఖానికి ఒక పక్క 0.3 శాతం అడాపలీన్, 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన జెల్, రెండో పక్క మందు లేని పూత 24 వారాలపాటు రాసి చూశారు. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మందు రాసిన పక్క గుంటల లెక్క సుమారు 15 శాతం తగ్గింది, రాయని పక్క దాదాపు అంతే పెరిగింది. అంటే ఉన్నవి పూడటంకన్నా కొత్తవి పడకుండా ఆగడమే పెద్ద లాభం. పైగా ఆ పరిశోధనలో వాడింది చీటీ మీద ఇచ్చే బలమైన మందు. షాపులో కొన్న రెటినాల్ ఆ మాత్రం కూడా చేయకపోవచ్చు.

రెటినాయిడ్‌ను రాత్రిపూట, ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత తీసుకుని, మొదట వారానికి రెండు రాత్రులు రాసి, చర్మం ఓర్చుకునే కొద్దీ పెంచాలి. ముక్కు పక్కల, పెదవుల చివర్ల, కళ్ళ కింద రాయకూడదు. పొట్టు లేవడం, బిగువు సహజం. మంట, ఎరుపు అదేపనిగా ఉంటే నాలుగు రోజులు ఆపాలి. చామనఛాయ చర్మంలో ఓర్చుకుంటూ పోవడం వీరత్వం కాదు, అది నల్లమచ్చకు ఆహ్వానం. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు రెటినాయిడ్లేవీ వాడకూడదు.

ఉబ్బిన మచ్చలకు దారి వేరు. దవడ అంచున, ఛాతీ, భుజాలు, వీపు మీద మొటిమలు మానినచోట ఇవి ఎక్కువ. వీటికి సిలికాన్ జెల్ లేదా అతికించే సిలికాన్ పట్టీ వాడతారు. రోజులో 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు ఉంచితే కొత్త ఉబ్బులు కొంత మెత్తబడతాయి. అదే జెల్‌ను గుంట మీద రాస్తే ఏమీ జరగదు. కాలిన మచ్చలకు పనిచేసిందని విని గుంటలకు కొనేవారు చాలామంది. అసలు మచ్చ హద్దులు దాటి పక్క చర్మంలోకి పాకే ఉబ్బును కెలాయిడ్ అంటారు. దాన్ని సిలికాన్ ఒక్కటే ఆపలేదు. ఇక విటమిన్ ఇ గొట్టాలు పగలగొట్టి రాసే అలవాటుకు ఆధారం బలహీనం. శస్త్రచికిత్స మచ్చల మీద 1999లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో మేలు కనిపించకపోగా, వాడినవారిలో మూడో వంతుకు దద్దు వచ్చింది.

ముఖానికి వద్దనవలసినవి

వారంలో నిగారింపు తెచ్చే క్రీము ఏదైనా, మొదట అనుమానించవలసింది స్టెరాయిడ్‌ను. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మిశ్రమాన్ని 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికన్ వైద్యులు ప్రకటించారు. మంగు వంటి మొండి మచ్చలకు, కొద్ది వారాలపాటు, వైద్యుడి కనుసన్నల్లో వాడవలసిన మందు అది. మన దేశంలో ఆ తరహా ట్యూబులు ఫెయిర్‌నెస్ క్రీముల వేషంలో ఊరూరా చలామణి అయ్యాయి. పెళ్ళిచూపులకు ముందు నెల రోజులు రాసుకుని, బాగుందని ఏళ్ళ తరబడి కొనసాగించినవారు కోకొల్లలు. పక్కింటివారు చెప్పారని, ఖాళీ ట్యూబు చూపించి ‘ఇదే ఇవ్వండి’ అని కొన్నవారూ అంతే.

మొదటి రెండు వారాల్లో ఎరుపు, మొటిమలు అణిగి ముఖం నిజంగానే మెరుస్తుంది. మోసం అక్కడే ఉంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి. కొత్తగా నూగు వెంట్రుకలు మొలుస్తాయి. ఒకే పరిమాణంలో గుంపులుగా మొటిమలు లేస్తాయి. ఆపితే మంట, ఎండలోకి వెడితే మంట. భారతీయ చర్మ వైద్యులే ఈ స్థితికి ‘స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అంతగా చూశారన్నమాట. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 స్టెరాయిడ్ పైపూతలను చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అయినా కౌంటరు మీద అడిగితే ఇచ్చేసే షాపులు పోలేదు. గుర్తుపట్టడానికి సులువు మార్గం పేర్లు చదవడమే: బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. వీటిలో ఏది ఉన్నా ముఖానికి వద్దు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా చర్మ వైద్యుడిని కలిసి క్రమంగా మానుకోవాలి.

హైడ్రోక్వినోన్‌దీ వైద్యుడి పర్యవేక్షణలో వాడవలసిన దారే. ఏళ్ళపాటు రాస్తే నీలినలుపు మచ్చలు శాశ్వతంగా పడవచ్చు. అమెరికా 2020లో దాన్ని చీటీ లేని అమ్మకాల నుంచి తొలగించింది. తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. భారత సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ముఖానికి రాసేవాటిలో, కంటి అలంకరణ సాధనాలు మినహా, పొరపాటున కలిసినా పాదరసం పదిలక్షల్లో ఒక వంతు మించకూడదు.

వంటింటి వైద్యం హానిలేనిదన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. ఆరోగ్యమైన చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో, సుమారు పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసం అంతకన్నా ఎన్నో రెట్లు పులుపు, వంటసోడా దానికి పూర్తిగా వ్యతిరేకం. నిమ్మజాతి రసం రాసుకుని ఎండలోకి వెడితే బొబ్బలెక్కి నల్లటి చారలు పడవచ్చు. టూత్‌పేస్టు మొటిమను ఎండబెట్టినట్టే పెట్టి చుట్టూ చర్మాన్ని కాల్చేస్తుంది. పండగపూట నలుగు పెట్టుకోవడం ముచ్చటైన సంగతే గానీ, మొటిమలున్న ముఖాన్ని శనగపిండితోనో బియ్యప్పిండితోనో రోజూ రుద్దడం వాపును రేపడమే. కలబంద గుజ్జు చల్లదనం ఇస్తుంది, మచ్చను చెరిపే బలం దానికి లేదు.

డబ్బా చదవడం, ఓపిక పట్టడం

సౌందర్య సాధనాల డబ్బా మీద పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర ఎలాగైనా రాసుకోవచ్చు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో మెరిసిన పదార్థం వెనక జాబితాలో పరిమళం తర్వాత ఎక్కడో ఉంటే దాని మోతాదు నామమాత్రమే అనుకోవచ్చు. శాతం స్పష్టంగా వేసినవి, వాసన కలపనివి, రంధ్రాలు మూయవని చెప్పేవి మొటిమల చర్మానికి మేలు. ధరకూ గుణానికీ ఇక్కడ పెద్ద చుట్టరికం లేదు. ఒకే శాతం పదార్థం ట్యూబులో ఒక ధర, డ్రాపర్ ఉన్న గాజుసీసాలో దానికి మూడింతలు పలుకుతుంది.

కొత్తది ఏదైనా చెవి వెనకో, మోచేతి లోపలివైపో రెండు మూడు రోజులు రాసి చూశాకే ముఖానికి తేవాలి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే దద్దు దేనివల్ల వచ్చిందో తేలదు. పొద్దున తేలికపాటి ఫేస్‌వాష్, నియాసినమైడ్ లేదా విటమిన్ సి, సన్‌స్క్రీన్. రాత్రి అజిలాయిక్ లేదా రెటినాల్, దాంతోపాటు మాయిశ్చరైజర్. ఎక్కువమందికి ఇంతకు మించి అక్కర్లేదు. పది సీసాల వరస అద్దం ముందు అందంగా ఉంటుంది, ముఖం మీద కాదు.

పైపొర తనను తాను మార్చుకోవడానికే యువకుల్లో సుమారు నాలుగు వారాలు, వయసు పైబడినవారిలో ఇంకా ఎక్కువ పడుతుంది. అందుచేత ఏ పూతనైనా 12 వారాలు వాడకముందే తీర్పు చెప్పకూడదు. పైపొరలోని నల్లమచ్చలు చాలావరకు కొన్ని నెలల నుంచి ఏడాదిలోగా సన్నగిల్లుతాయి. మందు ఆ కాలాన్ని కుదిస్తుంది. రోజూ అద్దంలో చూసేవారికి మార్పు కనిపించదు. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఫోన్‌లోని సొగసు హంగులన్నీ ఆపి తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది.

మూడు నాలుగు నెలలు క్రమం తప్పకుండా వాడినా రంగు కదలకపోయినా, సమస్య మొదటినుంచీ గుంటలదే అయినా, ఆపైన పని క్లినిక్‌లోది. అలల రకం గుంటల కింద చర్మాన్ని లోపలికి లాగుతున్న నారలను సూదితో తెంచుతారు. సూదిపోటు గుంటల అడుగున గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ను పుల్లమొనతో అద్దుతారు. ఈ పద్ధతిని కొరియా వైద్యులు 2002లో వివరించారు. ఆన్‌లైన్‌లో ఆ ఆమ్లం దొరుకుతోందని ఇంట్లో ప్రయత్నించినవారికి చుక్క పక్కకు జారిన చోటల్లా కొత్త గుంట పడుతుంది. పెట్టె రకానికి సూక్ష్మసూదుల చికిత్స, ఫ్రాక్షనల్ లేజర్ వాడతారు. కెలాయిడ్‌కు మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ముఖానికి రాయవద్దన్న ఆ జాతి మందే అక్కడ, కొలిచిన మోతాదులో, సరైన చోట పనికొస్తుంది. వీటిలో చాలావాటికి నెల, నెలన్నర ఎడంతో మూడు నాలుగు విడతలు పడతాయి, ఫలితం గుంట లోతు తగ్గడమే తప్ప పూర్తిగా పూడటం కాదు. చామనఛాయ చర్మంలో లేజర్ వేడికే మళ్ళీ నల్లమచ్చ రావచ్చు. అందుకని యంత్రం తీవ్రతను తగ్గించి పెడతారు, చికిత్సకు కొన్ని వారాల ముందునుంచే సన్‌స్క్రీన్ వాడిస్తారు, పుండు మానాక అజిలాయిక్ వంటి పూతను మళ్ళీ మొదలుపెట్టిస్తారు.